విజయవాడలో ఐబీఎస్ డైట్ కన్సల్టేషన్: మానేసిన తిండి మళ్లీ తినిపించిన మేడమ్

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల ఇబ్బంది పెట్టే పేగు సమస్య) అని తెలిస్తే చాలు, అది మానెయ్, ఇది మానెయ్ అని చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. మానేసినవాటిని మళ్లీ ఎలా తినాలో దగ్గరుండి చెప్పేవాళ్లు మాత్రం అరుదు. మా గ్యాస్ట్రో డాక్టరుగారు పంపిన డైటీషియన్ మేడమ్ నాకు ఆ పని చేసిపెట్టారు. అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను.

నేను తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఫస్ట్ పీరియడ్ మధ్యలో కడుపు మెలిపెడితే పిల్లల్ని వదిలి బయటికి పరిగెత్తాలి. ఆ టెన్షన్‌కి నొప్పి ఇంకా ఎక్కువయ్యేది. కొలనోస్కోపీ (పెద్దపేగును కెమెరాతో చూసే పరీక్ష), రక్తపరీక్షలు అన్నీ నార్మల్ అనే వచ్చాయి. మేడమ్ దగ్గరికి వెళ్లకముందు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఒక డైట్ ప్లాన్ తీసుకున్నాను. వాళ్లు పంపిందల్లా తినకూడనివాటి జాబితా: ఉల్లి, వెల్లుల్లి, గోధుమలు, పాలు, పప్పులు, మామిడిపండు, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు. ఎన్నాళ్లండీ అని అడిగితే, బాగుంటే అలాగే ఉండిపొండి అన్నారు. కడుపు నిజంగానే తేలికపడింది. కానీ మనిషి చిక్కిపోయింది, పెళ్లిళ్లకు వెళ్లాలంటేనే భయం పట్టుకుంది.

ఆ జాబితా చూడగానే మేడమ్ అడిగిన మొదటి మాట, “ఇన్ని నెలలు దీని మీదే ఉండమని ఎవరు చెప్పారమ్మా?”

తర్వాత తీరిగ్గా వివరించారు. ఈ తిండిలో ఫాడ్‌మ్యాప్స్ అనే పిండిపదార్థాలు ఉంటాయి. అవి చిన్నపేగులో సరిగ్గా ఇంకవు, నీటిని లాగుతాయి. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. అందరికీ జరిగేదే, ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగు ఆ ఉబ్బరాన్ని నొప్పిగా తీసుకుంటుంది. అయితే మేలుచేసే బ్యాక్టీరియాకు తిండి కూడా అదే. 2012లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ వాళ్లు ఫాడ్‌మ్యాప్స్ తగ్గించే ఈ డైట్‌ను నాలుగు వారాలు పరీక్షిస్తే, చాలామందికి బాధ తగ్గింది, దాంతోపాటు పేగులో బైఫిడోబ్యాక్టీరియా అనే మేలుచేసే బ్యాక్టీరియా కూడా తగ్గాయి. ఈ పద్ధతిని రూపొందించిన మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు కూడా ఇవన్నీ మానేసే కఠినమైన దశను రెండు నుంచి ఆరు వారాలకే పరిమితం చేశారు. ఆ తర్వాత ఒక్కో రకాన్నీ తిని చూసుకోవాలి, పడినవాటిని మళ్లీ రోజువారీ తిండిలో కలుపుకోవాలి. నాకు పంపిన ప్లాన్‌లో ఆ రెండు దశల ఊసే లేదు.

ఇక వంటింటి విషయంలో ఆవిడ చెప్పినవి బంగారం. వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు (ఒక రకం ఫాడ్‌మ్యాప్స్) నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకని రెబ్బల్ని నూనెలో వేయించి, తీసేసి, ఆ నూనెతో తాలింపు పెట్టుకోవచ్చు. వాసనకు వాసన, కడుపుకు హాయి. అదే వెల్లుల్లిని రసంలో వేసి మరిగించి, రెబ్బ తీసి పక్కన పడేస్తే లాభం లేదు, అప్పటికే ఫ్రక్టాన్లు చారులోకి దిగిపోయి ఉంటాయి. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం మాత్రమే వాడమన్నారు. పప్పు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఉడికించి, కొద్దిగా వడ్డించుకోమన్నారు. ఇంగువ డబ్బా మీద మైదా ఉందేమో చదవమన్నారు. మా అత్తయ్యగారిని కూడా లోపలికి పిలిచి, ఇదంతా ఆవిడకు అర్థమయ్యేలా చెప్పారు. ఇంట్లో వంట చేసేది ఆవిడే కాబట్టి నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

తిరిగి మొదలుపెట్టడం ఒక్కొక్కటిగానే. మూడు రోజులు అదే పదార్థం, రోజురోజుకీ కాస్త పెంచుతూ. తర్వాత కొన్నాళ్లు ఆపి ఇంకొకటి. పాలతో మొదలుపెట్టాం, ఇబ్బంది రాలేదు. ఇన్నాళ్లూ పెరుగన్నం లేకుండా ఎందుకు ఉన్నానా అని ఏడుపొచ్చింది. చపాతీ ఒకటైతే పర్వాలేదు, మూడైతే పడదు. ఉల్లిపాయ కొద్దిగా అయితే ఓకే. వెల్లుల్లి మాత్రం ఇప్పటికీ పడడం లేదు. కొన్ని నెలలాగి మళ్లీ చూద్దాం, కడుపు తీరు మారుతూ ఉంటుంది అన్నారు.

లోపాలూ చెప్పాలి. అపాయింట్‌మెంట్ ఉన్నా గంటకు పైగా కూర్చోబెట్టారు. చేతికిచ్చే అచ్చుకాగితం మొత్తం ఇంగ్లీషే, అందులో కినోవా, జుకినీ లాంటివి. మేడమ్ వాటిని కొట్టేసి వంకాయ, క్యారెట్, బంగాళదుంప, కీరా అని పెన్నుతో తెలుగులో రాసిచ్చారు. మంచి మనసే, కానీ తెనాలి నుంచి వచ్చేవాళ్ల కోసం ఆ తెలుగు కాగితమే అచ్చు వేయించాలి.

ఫీజు మొదటిసారి 700 రూపాయలు, తర్వాత ఫోన్‌లో మాట్లాడితే 300. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు డాక్టరుకు చూపించుకుని రావాల్సిందే, లేకపోతే ఆవిడ డైట్ మొదలుపెట్టరు. వెళ్లేముందు ఒక వారం పాటు ఏం తిన్నారో, ఏ టైముకి కడుపు ఎలా ఉందో నోట్‌బుక్‌లో రాసి పట్టుకెళ్లండి. ఆవిడ ముందు అడిగేది అదే.