టెరిపారటైడ్ పెన్ను: రెండేళ్లు వాడాక నా అనుభవం

వెన్నులో స్క్రూలు వేయాలని డాక్టరు చెప్పిన అరవై దాటిన ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. టెరిపారటైడ్ అంటే ఎముకను పెంచే ఇంజెక్షన్, పెన్ను రూపంలో వస్తుంది. దాన్ని ఆపరేషన్‌కు ముందు మొదలుపెట్టి, తర్వాత కూడా కొనసాగించి రెండేళ్ల కోర్సు పూర్తిచేశాను.

నాకు నడుములో నాలుగో పూస ఐదో దాని మీద ముందుకు జరిగింది. నరం నొక్కుకుపోయి, వీధి చివరిదాకా నడిస్తే కాళ్లు మొద్దుబారేవి. మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఎమ్మారై చూసి వెంటనే ఆపరేషన్ డేట్ ఇచ్చేశారు, ఎముక గట్టిదనం ఊసే ఎత్తలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే. ఇంకో సర్జన్‌కు చూపిస్తే ముందు డెక్సా, అంటే ఎముక గట్టిదనం కొలిచే స్కాన్, తీయించమన్నారు. ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె, టీ స్కోరు, వెన్నులో మైనస్ 1.8, తుంటిలో మైనస్ 3.1 వచ్చింది. మైనస్ 2.5, అంతకన్నా తక్కువ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. వెన్ను స్కోరు బాగానే ఉంది కదా అంటే, అరిగిన పూసల దగ్గర పెరిగే ఎముక కొమ్ములు ఆ అంకెను ఎక్కువ చేసి చూపిస్తాయని చెప్పారు. ఇలాంటి ఎముకలో స్క్రూ బిగిస్తే సున్నం రాలే గోడకు మేకు కొట్టినట్టే, పట్టు నిలవదు. స్క్రూల పైనున్న పూస నలిగే ప్రమాదం కూడా ఉందట. కాళ్లలో బలం తగ్గలేదు, మూత్రం మీద అదుపు పోలేదు కాబట్టి ముందు ఈ మందు వాడుతూ ఆపరేషన్‌కు కొన్ని నెలలు ఆగడానికి వీలైంది.

ఈ జబ్బుకు ఇచ్చే మందుల్లో ఎక్కువ భాగం ఎముక కరిగిపోవడాన్ని తగ్గిస్తాయి. టెరిపారటైడ్ కొత్త ఎముకను పుట్టిస్తుంది. రోజుకు 20 మైక్రోగ్రాములు, తొడకో పొట్టకో మనమే పొడుచుకోవాలి. సూది చాలా చిన్నది, నొప్పి లెక్కలోకి రాదు. మొదట్లో కళ్లు తిరిగేవి, అందుకే మంచం మీద కూర్చునే తీసుకునేదాన్ని. రాత్రుళ్లు పిక్కలు పట్టేసేవి. రక్తంలో కాల్షియం పెరగొచ్చు కాబట్టి పరీక్షలు చేయించారు.

అసలు ఇబ్బంది ఫ్రిజ్‌తో. పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. తెరిచాక 28 రోజులే. ఎండాకాలం కరెంటు పోతే టెన్షన్. ఊరెళ్లాలంటే ఐస్ డబ్బా తప్పదు. ఖర్చు కూడా ఎక్కువే, నెలనెలా పెన్ను కొనడం పెన్షన్ మీద బతికే ఇంటికి భారం. ఎముకలకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకు, ఎముకల్లో క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఈ మందు ఇవ్వరు.

ఆపరేషన్‌లో అవసరమైతే స్క్రూల చుట్టూ నింపడానికి సిమెంట్ సిద్ధంగా పెట్టుకున్నారు, దాని అవసరం రాలేదు. తర్వాతి ఎక్స్‌రేల్లో స్క్రూలు కదల్లేదు, పూసలు అతుక్కున్నాయి. ఇప్పుడు కూరగాయల బజారుకు నడిచే వెళ్తున్నాను. ఘనతంతా పెన్నుదేనని అనను, సర్జన్ చెయ్యి కూడా ఉంది. కానీ ఇది లేకుండా ఆ బల్ల మీద పడుకోవడానికి మాత్రం నేను మళ్లీ ఒప్పుకోను.

కోర్సు అయ్యాక ఊరికే ఆపేయకూడదు. వేరే మందు మొదలుపెట్టకపోతే పెరిగిన ఎముక మళ్లీ తగ్గిపోతుంది. నాకు ఏడాదికోసారి ఎక్కించే 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ ఆసిడ్ రాశారు, ఇది ఎముక కరిగిపోవడాన్ని తగ్గించే రకం మందు. అంతకుముందే పళ్ల డాక్టరుకు చూపించుకోమన్నారు. మొదటి డ్రిప్ తర్వాత జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి తగ్గాయి. తర్వాతి డెక్సా కూడా పాత మెషీన్ మీదే తీయించమన్నారు, మెషీన్ మారితే అంకెలు పోల్చడం కుదరదట.