కోఠి సర్జికల్ షాపుల్లో దొరికే మణికట్టు బెల్టు, మిట్టెన్, మంచం రెయిల్స్: ఏది కొనొచ్చు, ఏది వద్దు

ముక్కుగొట్టం పీకేసుకుంటున్నారు, లేదా రాత్రి మంచం దిగబోయి పడిపోతున్నారు. పెద్దవాళ్లని ఇంట్లో చూసుకునేవారు కోఠి సర్జికల్ షాపులకి పరుగెత్తేది ఎక్కువగా ఈ రెండిటికే.

చేతిని మంచానికి కట్టే మణికట్టు బెల్టు ఇంటికి తేవద్దు, లోపల స్పాంజి ఉన్న మెత్తటి రకమైనా సరే. ఆసుపత్రిలో కట్టేటప్పుడు పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచాలి. లాగితే ఊడే ముడి వెయ్యాలి. మంచం ఫ్రేముకే కట్టాలి, రెయిల్‌కి కాదు. రెయిల్ దించితే చెయ్యీ దాంతోపాటు లాగుకుపోతుంది. రెండు గంటలకోసారి విప్పి వేళ్ల రంగు, వాపు, చల్లదనం చూడాలి. ఒక్క అటెండెంట్ ఉన్న ఇంట్లో రాత్రంతా ఇది సాగే పని కాదు. వెల్లకిలా కట్టేసి ఉండగా వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 97వ సెక్షన్ ప్రకారం మానసిక వైద్య కేంద్రంలో సైతం తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే కట్టాలి. 24 గంటల్లో రోగి ప్రతినిధికి చెప్పాలి.

మిట్టెన్‌కి (వేళ్లతో పట్టుకోకుండా చేతికి తొడిగే సంచిలాంటి గ్లౌజు) ఐదుకి రెండున్నర మార్కులు. వేళ్లు కనపడే వలగుడ్డ రకమే తీసుకోండి. మే నెల ఎండల్లో మామూలు రకం లోపల చెమటకి చర్మం ఒరుసుకుపోతుంది. మంచానికి కట్టకపోయినా అది మనిషిని ఆపేదే: గోక్కోలేరు, గ్లాసు పట్టుకోలేరు. అందుకే ముందు చెయ్యి అటెందుకు వెళ్తోందో చూడాలి. ప్లాస్టర్ దురద, ఎండిపోయిన నోరు, మూసుకుపోయిన యూరిన్ పైపు, నాలుగు రోజుల మలబద్ధకం. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి తికమకపడితే ఇన్ఫెక్షన్ అనుమానించి డాక్టర్‌కి చూపించాలి. ఆ గొట్టం ఇంకా అవసరమా అన్న ప్రశ్న చాలామంది డాక్టర్‌ని అడగనే అడగరు. క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి చేతి నరంలో పెట్టే సన్న గొట్టం) మీద పొడుగు చేతుల చొక్కా తొడగండి, యూరిన్ పైపుని పైజమా లోపలినుంచి తియ్యండి. గిల్లడానికి ఓ మెంతికూర కట్ట ఇస్తే చేతులకి పని దొరుకుతుంది.

నిండు పొడుగు రెయిల్స్‌ని చాలామంది కట్టెయ్యడం కింద లెక్కెయ్యరు, చిక్కంతా అక్కడే. దిగాలనుకునే మనిషి వాటిమీదుగా ఎక్కి, ఇంకా ఎత్తునుంచి పడతారు. కడ్డీల సందు 12 సెంటీమీటర్లకి తక్కువ ఉండాలి, లేకపోతే తల ఇరుక్కుంటుంది. అద్దెకి తెచ్చిన ఫౌలర్ మంచం (తలవైపు పైకి లేపగలిగే ఆసుపత్రి మంచం) మీద ఇంట్లో ఉన్న ఇరుకు పరుపు వేస్తే పరుపుకీ రెయిల్‌కీ మధ్య అలాంటి సందే పడుతుంది. పక్కకి తిరగడానికి పట్టుకుంటానని ఆ మనిషే అడిగితే సగం పొడుగు రెయిల్ పర్వాలేదు.

కొందరు ఇవన్నీ వదిలేసి క్వెటియాపిన్ అనే మానసిక జబ్బుల మందుతో పడుకోబెడతారు. అది కంటికి కనపడని బెల్టు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ రకం మందులు మరణ ప్రమాదం పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది.

అదే డబ్బు పెట్టి, కూర్చుంటే పాదాలు నేలకి ఆనేంత మంచం, సన్నని రాత్రి బల్బు, కమోడ్ కుర్చీ కొనండి. రోజూ లేచే వేళకి కాస్త ముందే బాత్రూంకి తీసుకెళ్లండి. కాలు పెడితే మోగే అలారం మ్యాట్ అయితే, మోగిన వెంటనే ఎవరో ఒకరు రాగలిగితేనే పనికొస్తుంది. కమోడ్ కుర్చీకి చక్రాలుంటే బ్రేకులు పడుతున్నాయో లేదో షాపులోనే కూర్చుని చూసుకోండి.