అవయవ మార్పిడి తర్వాత కొలనోస్కోపీ: పేగు శుభ్రం చేసే మందుల్లో ఏది మేలు?

కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చాలామందికి అరగంటలో అయిపోతుంది. అవయవ మార్పిడి అయినవాళ్లకు అసలు చిక్కు పరీక్షతో కాదు, అంతకుముందు పేగు ఖాళీ కావడానికి తాగే మందుతో. ఎండోస్కోపీ విభాగం చేతికిచ్చే సూచనల కాగితం అందరి కోసం ముద్రించింది. దాన్ని ముందు ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి చూపించి, ఏ మందు తాగాలో వాళ్లతోనే ఖాయం చేసుకోండి.

మార్పిడి జరిగింది లివర్‌కో గుండెకో కదా, కిడ్నీలకేం భయం అనుకోవద్దు. మార్చిన అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను బిగదీస్తాయి. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే ఆ రక్తం ఇంకా తగ్గుతుంది, కిడ్నీ పనితీరు తగ్గిందని చూపే క్రియాటినిన్ రక్తంలో పెరుగుతుంది. అందుకే ఏ మందు ఎంచుకోవాలన్నా ముందు కిడ్నీలను దృష్టిలో పెట్టుకోవాలి.

సోడియం ఫాస్ఫేట్ గురించి తర్జనభర్జన అక్కర్లేదు, అది వద్దు. తాగాల్సింది కొంచెమే కాబట్టి సుఖంగా అనిపిస్తుంది. కానీ ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా మారి కిడ్నీ నాళికల్లో పేరుకుంటుంది. ఆ దెబ్బ వారాల తర్వాత బయటపడవచ్చు, కిడ్నీ మళ్లీ మామూలు స్థితికి రాకపోవచ్చు. 2008 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం మాత్రలపై తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. ఫాస్ఫేట్ ఎనిమా (మలద్వారం గుండా ఎక్కించే మందు) కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఆఖరి నిమిషంలో 'ఇంకా శుభ్రం కాలేదు' అంటూ ఎవరైనా అది ఇవ్వబోతే, మార్పిడి సంగతి గట్టిగా చెప్పండి.

సోడియం పికోసల్ఫేట్, మెగ్నీషియం కలిసిన పొడి నడిమి రకం. ఒక్కో సాచెట్‌ను సుమారు 150 మి.లీ. నీళ్లలో కలిపి తాగితే చాలు, రుచీ పర్వాలేదు. కిడ్నీ వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, 30 కంటే తక్కువ ఉంటే మాత్రం మెగ్నీషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. పైగా తర్వాత ద్రవాలు బాగా తాగాలి. ఉత్త మంచినీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం రావచ్చు.

మిగిలింది పెగ్, అంటే పాలిథిలిన్ గ్లైకాల్. 4 లీటర్ల రకం తాగడం నిజంగా కష్టమే. అయినా మా ఓటు దానికే. అందులోని లవణాలు ఒంట్లో ఉన్న పాళ్లలోనే ఉంటాయి కాబట్టి నీరు అటూ ఇటూ పెద్దగా మారకుండా పేగును కడుగుతుంది. విటమిన్ సి కలిపిన 2 లీటర్ల రకం కొంత తేలిక, కానీ జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లు, కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లు డాక్టరు సరేనంటేనే తాగాలి.

మందును ఫ్రిజ్‌లో చల్లబరిచి, 10–15 నిమిషాలకోసారి 250 మి.లీ. చొప్పున తాగండి. వికారం వస్తే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టండి. మొత్తం ముందురోజు రాత్రే ముగించడమా, రెండు విడతలుగా తాగడమా అంటే రెండు విడతలే మేలు. సగం సాయంత్రం, మిగతా సగం పరీక్షకు 4–6 గంటల ముందు మొదలుపెట్టి కనీసం 2 గంటల ముందు ముగించాలి. రాత్రే అంతా తాగేస్తే తెల్లారేసరికి చిన్నపేగు నుంచి పసుపు జిగురు దిగి, పెద్దపేగు కుడివైపు గోడకు అంటుకుంటుంది. చిన్న పాలిప్‌లు (పేగు గోడపై పెరిగే బుడిపెలు) దాని కింద దాక్కుంటాయి. చివరికి మడ్డి లేకుండా లేత పసుపు నీళ్లలా పోతుంటే శుభ్రమైనట్టే.

ఎక్కువమంది తడబడేది మాత్రల వేళ దగ్గరే. పెగ్ మొదలుపెట్టడానికి గంటలోపు వేసుకున్న మాత్ర ఒంటికి పట్టకుండానే కొట్టుకుపోవచ్చు. రోజూ రాత్రి 8కి టాక్రోలిమస్ వేసుకునేవాళ్లు, పెగ్ తొలి విడతను సాయంత్రం 4కే మొదలుపెట్టి 6–6:30కి ముగిస్తే మాత్రకు తగినంత ఎడం దొరుకుతుంది. పొద్దుటి మోతాదుకూ ఇదే లెక్క వేసి, వేళ ముందే రాసిపెట్టుకోండి. ఆ రోజు టాక్రోలిమస్ లెవెల్ (రక్తంలో మందు ఎంత ఉందో) చూడటం కోసం రక్తం తీస్తుంటే, తీశాకే మాత్ర. స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ మానకూడదు. మాత్ర వాంతిలో పోతే మీ అంతట మీరు రెండోది వేసుకోక, టీమ్‌కి ఫోన్ చేయండి. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు, ఫ్యూరోసెమైడ్, షుగర్ మందులు, రక్తం పలచబరిచేవి ఆపాలో తగ్గించాలో కూడా చివరి నిమిషంలో కాకుండా వారం ముందే అడగండి.

మత్తు ఇచ్చే డాక్టరుకు మందుల చీటీ మొత్తం చూపించాలి. ఫంగస్ మందులు ఫ్లూకొనజోల్, వోరికొనజోల్, బీపీ మందు డిల్టియాజెమ్ వాడుతుంటే మిడజోలమ్ మత్తు ఎక్కువసేపు దిగదు.

పరీక్ష తర్వాత కడుపు పట్టేస్తే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రల జోలికి పోవద్దు. పారాసిటమాల్ మీ డాక్టరు చెప్పిన మోతాదులో చాలు. విరేచనాలు మర్నాటికీ ఆగకపోతే టాక్రోలిమస్ లెవెల్, క్రియాటినిన్ చేయించండి. విరేచనాల్లో పేగు గోడ టాక్రోలిమస్‌ను సరిగా అడ్డుకోలేదు, ఎప్పటి మోతాదే వేసుకున్నా రక్తంలో లెవెల్ పెరిగిపోతుంది.