ముప్పై పాటలా, పదకొండా?

1968లో బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ తెల్ల అట్టతో తెచ్చిన డబుల్ (రెండు డిస్కుల) ఆల్బమ్‌లో 30 పాటలు, గంటన్నర పైగా నిడివి. 1972 నాటి ఇంగ్లిష్ గాయకుడు నిక్ డ్రేక్ ఆల్బమ్ 'పింక్ మూన్'లో 11 పాటలే, అరగంట కూడా పట్టదు.

బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ మంచివి ఏరి ఒక్క డిస్కుకు కుదించాలనే అనుకున్నాడు. ఎనిమిది నిమిషాలు దాటే 'రివల్యూషన్ 9' వచ్చినప్పుడల్లా నేనూ ఆయన పక్షమే. అది పాట కాదు, శబ్దాల కలగూరగంప! కానీ కత్తెర పడితే ముందు ఎగిరిపోయేవి చిన్నాచితకా సరదా పాటలు. ఒంటి గిటార్‌తో సాగే 'బ్లాక్‌బర్డ్', చెవులు చిల్లులుపడే 'హెల్టర్ స్కెల్టర్' ఒకే ఆల్బమ్‌లో ఇమిడాయంటే ఆ విశాలత్వం వల్లే.

డ్రేక్ దారి వేరు. ఒక గొంతు, ఒక గిటార్. మొదటి పాటలో మాత్రం కాస్త పియానో పలుకుతుంది, మళ్లీ ఎక్కడా వినపడదు. అందుకే అది చెవిలో ఉండిపోతుంది. ముప్పై పాటల్లో అయితే ఎవరికి పట్టేది?

మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన వినాలంటే నా ఓటు చిన్నదానికే. పెద్దదాన్ని నచ్చిన చోట తెరిచి వింటాను. స్ట్రీమింగ్ లెక్కలు పెంచుకోవడానికి సాగదీసే ఇప్పటి ఆల్బమ్‌లు మాత్రం ఈ రెండు కోవల్లోకీ రావు.