ఆడి చూడాలా, చూసి ఆడాలా? మా ఇంట్లో ‘ద లాస్ట్ ఆఫ్ అస్’

2023లో కనుమ నాడు, జనవరి 16న, ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ అనే ఇంగ్లిష్ సిరీస్ మొదటి ఎపిసోడ్ మన దగ్గర హాట్‌స్టార్‌లో వచ్చింది. హన్మకొండ నయీంనగర్‌లో మా ఇంట్లో అందరం పండుగకు కలిశాం. సకినాల డబ్బా మధ్యలో పెట్టుకుని అమ్మ, నేను, తమ్ముడు టీవీ ముందు కూర్చున్నాం. బాపు ఎప్పటిలాగే తొమ్మిదింటికే పడుకున్నాడు.

అమ్మకు ఆ కథ గురించి ఏమీ తెలియదు. నాకు పేరు తప్ప ఇంకేమీ తెలియదు. తమ్ముడికి మాత్రం మొత్తం తెలుసు. ఆ సిరీస్‌కు మూలం నాటీ డాగ్ అనే కంపెనీ వాళ్లు 2013లో తెచ్చిన వీడియో గేమ్. దాన్ని వాడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ప్లేస్టేషన్ 4 మీద రెండుసార్లు ఆడేశాడు. 2020 జూన్‌లో రెండో భాగం రాగానే అదీ ఆడాడు. కరోనా రోజులు. తలుపు వేసుకుని గదిలోనే ఉండేవాడు. ఒక రాత్రి అన్నం వద్దని పడుకుంటే ఒంట్లో ఎట్లుందోనని అమ్మ రెండుసార్లు నుదురు పట్టుకుని చూసింది.

సిరీస్ చూసినవాళ్లందరూ ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటే: ముందు గేమ్ ఆడాలా, సిరీస్ చూడాలా, లేక సిరీస్ ఒక్కటి చాలా? మా ఇంట్లో మూడు రకాల వాళ్లం ఉన్నాం. తమ్ముడు ఆడి చూశాడు. నేను చూసి ఆడాను. అమ్మ చూసింది, అంతే. రెండు సీజన్లు ముగ్గురం పక్కపక్కనే కూర్చుని చూశాక చెబుతున్న మాట ఇది. కథలో ముఖ్యమైనవన్నీ ఇందులో విప్పి చెబుతాను, ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.

ఒక బూజు మనుషుల మెదళ్లలోకి పాకి లోకాన్ని కూల్చేస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత, ఆ బూజు సోకినా ఏమీ కాని ఎల్లీ అనే పిల్లను జోయెల్ అనే మనిషి దూరం తీసుకుపోవడమే కథ. మొదటి ఎపిసోడ్ దాదాపు గంటా ఇరవై నిమిషాలు. అందులో మొదటి అరగంట జోయెల్ కూతురు సారాదే. తండ్రి పుట్టినరోజుకని పాడైన గడియారం బాగు చేయించడానికి తీసుకుపోతుంది, పక్కింటి ముసలమ్మ దగ్గర కూర్చుంటుంది. ఏమీ జరగదు, ఒక మామూలు రోజు. గేమ్‌లో ఈ రోజంతా లేదు. రాత్రి నుంచే మొదలవుతుంది. ఆడేవాడే సారా అయ్యి చీకటి ఇంట్లో నాన్న కోసం గది గదీ తిరుగుతాడు, తర్వాత జోయెల్ అయ్యి ఆ పిల్లను ఎత్తుకుని పరుగెత్తుతాడు. పిల్ల చేతుల్లో ఉంటుంది కాబట్టి తుపాకీ పట్టలేడు, పరుగు ఒక్కటే దారి.

సారాను కాల్చే సైనికుడు ఎదురయ్యే చోటికి కథ వస్తుంటే తమ్ముడు లేచి నీళ్లకని వంటింట్లోకి పోయాడు. నీళ్లు తెచ్చాడు కానీ కూర్చోలేదు, తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరి ముఖాలు చూస్తున్నాడు. అమ్మ చేతిలో సకినం అట్లాగే ఉండిపోయింది. “చిన్నపిల్ల గదరా” అంది, వాడు తప్పు చేసినట్టు. వాడు ఏమీ అనలేదు.

ఈ ఒక్క చోట నా ఓటు సిరీస్‌కే. సారాతో ఒక పగలంతా గడిపాం కాబట్టి ఆ పిల్ల పోవడం మా ఇంటి పిల్ల పోయినట్టు తగిలింది. తర్వాత నేను గేమ్ ఆడినప్పుడు ఆ పరుగులో గుండె కొట్టుకుంది నిజమే, కానీ పిల్లను తెలుసుకునేంత సమయం అక్కడ లేదు.

సిరీస్ చేసిన క్రెయిగ్ మేజిన్, గేమ్ రాసి దర్శకత్వం కూడా చూసిన నీల్ డ్రక్‌మన్ ఇద్దరూ ఒక పని తెలిసి చేశారు. గేమ్‌లో కార్డిసెప్స్ బూజు గాలిలో పొడిలా తేలుతుంది, అట్లాంటి చోట్ల పాత్రలు మాస్కులు పెట్టుకుంటారు. మొదటి సీజన్‌లో ఆ పొడి తీసేసి, నోట్లోంచి బయటికొచ్చే తీగలు పెట్టారు. గంటలకొద్దీ మాస్కులు తొడిగితే జోయెల్‌గా వేసిన పెడ్రో పాస్కల్, ఎల్లీగా వేసిన బెల్లా రామ్సే ముఖాలు ఎవరికి కనిపిస్తాయి? మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. మాటలు నేను పక్కన చెబుతూనే ఉన్నా, సగం కథ ఆమె ఆ ముఖాల్లోనే చదువుకుంది. జోయెల్ ఆమెకు ‘గడ్డమాయన’, ఎల్లీ ‘పొట్టిపిల్ల’. మూడో వారానికి ఇద్దరూ మా చుట్టాలైపోయారు.

ఆ మూడో వారంలో వచ్చింది బిల్, ఫ్రాంక్‌ల ఎపిసోడ్. గేమ్‌లో బిల్ బతికే ఉంటాడు, ఒంటరివాడు, నోరు చేదు మనిషి. ఫ్రాంక్ ఉరేసుకుని వేలాడుతూ కనిపిస్తాడు, బిల్ అంటే తనకెంత అసహ్యమో రాసి పెట్టిన ఉత్తరం దొరుకుతుంది. ఆడేవాడికి మిగిలేది అంతే. సిరీస్ దీన్ని పూర్తిగా తిరగేసింది. బిల్‌గా నిక్ ఆఫర్మన్, ఫ్రాంక్‌గా మరే బార్ట్‌లెట్ ఇద్దరూ కలిసి ఏళ్లకేళ్లు కాపురం చేస్తారు. ఫ్రాంక్ దాచిపెట్టి పండించిన స్ట్రాబెర్రీ కొరికినప్పుడు అంత గట్టి మనిషి బిల్ చిన్నపిల్లవాడిలా కిచకిచా నవ్వుతాడు. ఆ నవ్వు దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఇద్దరు మగవాళ్ల కాపురం కదా, అమ్మ ఏమంటుందోనని నేను లోపల భయపడుతూనే ఉన్నాను. ఆమె చివరిదాకా మాట్లాడలేదు. అయిపోయాక లేస్తూ ఒక్కటే అంది: “మీ బాపు సీతాఫలాలు తెచ్చి చెప్పకుంట గిన్నెల పెట్టిపోతడు సూడు, గట్లనే.” ముప్పయ్యేళ్ల కాపురం గురించి అమ్మ నోట అంత మాట వినడం నాకు అదే మొదలు.

ఆడినవాళ్లలో ఈ ఎపిసోడ్ మీద అలిగినవాళ్లున్నారు, ఉన్న కథను మార్చేశారని. తమ్ముడు అలగలేదు. చివర్లో తెరిచిన కిటికీ, ఆడే పరదా కనిపించగానే ముందుకు వంగి “అక్కా, ఇది గేమ్ మొదట్ల కనిపించే కిటికీనే” అన్నాడు. నిజమే, గేమ్ తెరవగానే వచ్చే మొదటి బొమ్మ అదే. నాకు అది కిటికీ. వాడికి ఏళ్ల కింద చూసిన ఇల్లు. ఆడి చూసినవాడికి దక్కేది ఇదీ. ఇది చూసి ఆడినవాళ్లకు దక్కదు, తిరగేస్తే అంత రుచి రాదు.

హెన్రీ, సామ్ అన్నదమ్ముల కథలోనూ సిరీస్‌దే పైచేయి. గేమ్‌లో సామ్ కొంచెం పెద్దవాడు, అందరిలా మాట్లాడతాడు. ఇక్కడ వినికిడి లేని ఎనిమిదేళ్ల పిల్లవాడు, పలక మీద రాసి చెబుతాడు. ఆ వేషం వేసిన కీవాన్ వుడర్డ్‌కు నిజంగానే వినపడదు. పిల్లవాడి సమాధి మీద ఎల్లీ ఆ పలక పెట్టి పోతుంది, దాని మీద ‘నన్ను క్షమించు’ అన్న మాట. తెలుగు చేసి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మ కూడా అడగలేదు.

ఇంతవరకు చదివితే సిరీసే మేలు అనిపిస్తుంది. కానీ జిరాఫీ దగ్గర తక్కెడ వంగడం మొదలైంది.

అన్ని చావులు చూశాక, సాల్ట్ లేక్ సిటీలో పాడుబడిన కట్టడం పైనుంచి ఎల్లీకి జిరాఫీలు కనిపిస్తాయి. సిరీస్‌లో నిజమైన జిరాఫీని పెట్టి తీశారు. అందంగా ఉంది, అయిపోయింది. గేమ్‌లో అట్లా కాదు. జోయెల్, ఎల్లీ పిట్టగోడకు ఆనుకుని చూస్తుంటారు. మనం బటన్ నొక్కేదాకా వాళ్లు అక్కడి నుంచి కదలరు. తొందరపెట్టేవాళ్లు ఉండరు, గడియారం ఉండదు. కిందికి దిగితే ఆసుపత్రి ఉందని నాకు అప్పటికే తెలుసు. అందుకే కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. కరెంటు పోతే ఇదంతా పోతుందేమో అని ఒక భయం, పోతే బాగుండు అని ఇంకో మనసు. నన్ను ఆపింది నేనే, కదిలించాల్సింది నేనే. ఏ టీవీ ఈ పని చేయలేదు.

ఇక ఆసుపత్రి. ఆ బూజుకు మందు తయారు చేయాలంటే ఎల్లీ మెదడు తీయాలి, తీస్తే పిల్ల చనిపోతుంది. జోయెల్ అందరినీ చంపుకుంటూ ఆపరేషన్ గదిలోకి పోతాడు. సిరీస్‌లో ఈ నడకంతా విషాద సంగీతం కింద, తుపాకీ చప్పుళ్లు దూరం చేసి చూపించారు. అమ్మ జోయెల్‌నే చూస్తూ “ఎవరి బిడ్డ వాళ్లకు గదా” అని ఆయన పక్షం వహించింది. నేనూ ఆయన మీద జాలిపడ్డాను. ఇద్దరం చూసేవాళ్లమే, మా చేతులకు ఏ మరకా అంటలేదు.

నెల తర్వాత అదే గదిలోకి నేను కంట్రోలర్‌తో పోయాను. డాక్టర్ చిన్న కత్తి పట్టుకుని ఎదురుగా నిలబడతాడు. నేను ఏదో ఒకటి చేసేదాకా ముందుకు ఏదీ జరగదు. టేబుల్ చుట్టూ పోవడానికి చూశాను. వెనక్కి తిరిగి తలుపు దాకా పోయాను. ఇంకో దారి ఉండకూడదా అని వెతికాను. లేదు. ఆయన్ను చంపితేనే ఎల్లీ దగ్గరికి పోగలం. నొక్కాను. తమ్ముడు పక్క నుంచి మెల్లగా అన్నాడు: “నేను ఫస్ట్ టైమ్ ఆలోచించకుండనే కాల్చిన అక్కా. ఆ రాత్రి పండుకున్నంక యాదికొచ్చింది.” తెలియక నొక్కినవాడికి ఆ బాధ తర్వాత మొదలైంది, తెలిసి నొక్కినదానికి ముందే అయిపోయింది. వాడి బాధే అసలైనదని నాకు అనిపిస్తుంది. ఆ గేమ్ నిలబడ్డదే ఆ పొరపాటు మీద. సిరీస్ ముందే చూసి నేను దాన్ని పోగొట్టుకున్నాను. అందుకే మూడు దారుల్లో నేను నడిచినదే తక్కువదని గట్టిగా చెబుతాను. కంట్రోలర్ పట్టే ఓపిక, పద్దెనిమిది నిండిన వయసు ఉంటే ముందు మొదటి భాగం ఆడండి. తీరిగ్గా ఆడినా ఇరవై గంటలు పట్టదు. ఆ తర్వాత, కథ తెలియని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని సిరీస్ చూడండి.

కథ ముందే తెలిస్తే ఇంకేముంటుంది అని అడిగేవాళ్లు ఒక్కసారి ఒగ్గు కథ దగ్గర కూర్చుని చూడాలి. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో ఎల్లమ్మ కథ చెప్పించేవాళ్లు. పరశురాముడు తల్లి మీదికి గొడ్డలి ఎత్తే చోటు రాకముందే, డోలు నెమ్మదించగానే ఆడవాళ్లంతా కొంగు నోటికి పెట్టుకునేవాళ్లు. “పోయినేడు ఏడ్చినవ్ గదనే అమ్మమ్మా” అంటే, “పోయినేడు ఏడిస్తె గీయేడు ఏడ్వద్దా?” అంది. తెలిసినవాళ్ల ఏడుపు ముందే మొదలవుతుంది. తెలియనివాళ్ల వైపు ఒకసారి చూసి మొదలవుతుంది. తమ్ముడు తలుపు దగ్గర నిలబడి చేసింది అదే.

ఆడలేని అమ్మలాంటి వాళ్లకు సిరీస్ ఒక్కటి చాలదా అంటే, మొదటి సీజన్ వరకు నిండుగా చాలు, వాళ్లకు ఏదో తగ్గిందని ఎవరూ అనుకోవద్దు. రెండో సీజన్‌కు వచ్చేసరికి నాకు అంత ధైర్యం లేదు. గేమ్‌లో ఆబీ ఎవరో, జోయెల్‌ను ఎందుకు చంపిందో సగం కథ దాటేదాకా చెప్పరు. ముందు ఆమెను మనసారా ద్వేషిస్తాం, ఆ తర్వాత ఆమెనే మన చేతికిచ్చి గంటలకొద్దీ ఆడిస్తారు. ద్వేషించిన మనిషి ప్రాణం కాపాడటానికి మన వేళ్లే పరుగులు పెట్టాలి. సిరీస్‌లో ఆమె ఆ డాక్టర్ కూతురని మొదట్లోనే చెప్పేశారు. ఏడు వారాలు కూర్చోబెట్టాలంటే అట్లా చెప్పక తప్పదేమో, కానీ ఆ ద్వేషం పండకముందే కోసినట్టయింది.

జోయెల్ చావు 2025 ఏప్రిల్‌లో రెండో ఎపిసోడ్‌లోనే వచ్చింది. ముందు రోజు రాత్రి తమ్ముడు మేడ మీదికి పిలిచి అడిగాడు, “అమ్మకు చెబుదామా?” చెబితే చూడదు, చెప్పకపోతే తట్టుకోదు. గంటసేపు అదే మాట. చివరికి చెప్పలేదు, అమ్మకు చెరో పక్క కూర్చున్నాం.

గడ్డమాయన నేల మీద పడి ఉంటే, పొట్టిపిల్ల లేవమని బతిమాలుతుంటే అమ్మ కళ్లు మూసుకోలేదు. చివరిదాకా చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, “ఆ పిల్లకు గూడ బాపు ఉండె గద” అంది ఆబీ గురించి. తర్వాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“మీకు ముందే ఎరుకనా?”

తలలూపాం.

కాసేపు టీవీ వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. “కరోనాల ఒకనాడు తినకుంట పండుకున్నవ్. గిందుకేనా?”

వాడు అవునన్నాడు.

“ఒక్కనివే సూసినవా బిడ్డా ఇదంతా” అని, ముప్పయ్యేళ్ల వాడి నుదురు పట్టుకుని చూసింది.