రెండు సాకెట్లు, ఒకే గాలి: ఇంటి గ్రీన్‌హౌస్ కంట్రోలర్ సమీక్ష

ఉష్ణమండల మొక్కల కోసం ఇంటి వద్ద చిన్న గ్రీన్‌హౌస్ ఏర్పాటు చేసుకున్నవారిలో చాలామంది ఉష్ణోగ్రతనూ తేమనూ ఒకేసారి చూసుకునే రెండు సాకెట్ల కంట్రోలర్‌ను కొంటారు. గోడకు తగిలించే ఒక పెట్టె, తీగతో వేలాడే సెన్సర్, హీటర్‌కు ఒకటీ, గాలిలోకి పొగమంచులా తేమను వదిలే హ్యుమిడిఫయర్‌కు ఒకటీ ఉద్దేశించిన సాకెట్లు, ఇంతే దాని నిర్మాణం. ఇటువంటి పరికరాలు వేర్వేరు పేర్లతో అమ్ముడవుతున్నందున పేరును పక్కన పెట్టి పనితీరు గురించే రాస్తున్నాను. ఆంథూరియంలు, అలొకేసియాలు, ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌లు ఉన్న పాలీకార్బొనేట్ గ్రీన్‌హౌస్‌లో చలికాలంలోనూ ఎండాకాలంలోనూ వాడిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, వేడి విషయంలో దీన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. తేమ విషయంలో మాత్రం దాని తీరు తెలుసుకుని కొన్ని హద్దులు పెట్టగలిగినవారికే ఇది ఉపయోగపడుతుంది.

వేడి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. హీటర్ ఏ డిగ్రీ వద్ద వెలగాలో, ఏ డిగ్రీ వద్ద ఆగాలో విడివిడిగా నిర్ణయించుకునే వీలుంది. రాత్రి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద వెలిగి 22 వద్ద ఆగేలా పెడితే తెల్లవారే వరకు దాదాపు ఆ పరిధిలోనే నిలిపింది. ఈ రెండు అంకెల మధ్య తేడాను అర డిగ్రీకి తగ్గిస్తే హీటర్ మాటిమాటికీ వెలిగి ఆరుతూ లోపలి రిలేను (కరెంటును కలిపి తెంచే స్విచ్‌ను) త్వరగా అరగదీస్తుంది కాబట్టి, రెండు డిగ్రీల తేడా ఉంచడమే మేలు. మొక్కలకు ఆ మాత్రం హెచ్చుతగ్గులు లెక్కలోకి రావు.

చిక్కంతా రెండో సాకెట్ దగ్గర ఉంది. తెర మీద కనిపించే తేమ శాతం గాలిలో ఎంత నీటి ఆవిరి ఉందో చెప్పదు. ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి భరించగల గరిష్ఠ ఆవిరిలో ఎంత వంతు ఉందో మాత్రమే చెబుతుంది. ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల వద్ద సుమారు 17 గ్రాముల ఆవిరిని భరించగలిగితే, 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాములు భరించగలదు. కాబట్టి 18 డిగ్రీల వద్ద 80 శాతం తేమతో ఉన్న గాలిని హీటర్ 22 డిగ్రీలకు వేడి చేస్తే, ఒక్క చుక్క నీరు కూడా బయటకు పోకుండానే తెర మీది అంకె 63 శాతానికి దిగుతుంది. కంట్రోలర్ దాన్ని చూసి తేమ పడిపోయిందనుకుని హ్యుమిడిఫయర్‌ను వెలిగిస్తుంది. ఆ పొగమంచు ఆవిరవుతున్నప్పుడు గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. గంటకు 300 మిల్లీలీటర్ల నీరు ఆవిరి కావడానికి దాదాపు 200 వాట్ల వేడి ఖర్చవుతుంది. దాంతో గాలి చల్లబడి హీటర్ మళ్లీ వెలుగుతుంది. ఒక సాకెట్ చేసే పని రెండో సాకెట్‌కు తెలియకపోవడమే ఈ పరికరంలోని మౌలికమైన లోపం. రెండూ పంచుకునేది మాత్రం ఒకే గాలిని.

దీనికి నేను కనుగొన్న మార్గం రాత్రి తేమ లక్ష్యాన్ని తగ్గించడం. రాత్రికి 60 శాతం వద్ద వెలిగి 70 వద్ద ఆగేలా పెట్టాక రెండు యంత్రాల పోటీ బాగా తగ్గింది. పగటికీ రాత్రికీ వేర్వేరు లక్ష్యాలు పెట్టుకునే సదుపాయం ఈ నమూనాలో ఉంది గానీ, అది మెనూలో ఎంతో లోపల దాగి ఉంది. వెంట వచ్చిన చిన్న పుస్తకంలో దాని ప్రస్తావన ఒక్క వాక్యం మాత్రమే. కొనేవారు అన్నింటికంటే ముందు వెతకవలసిన సదుపాయం ఇదేనని నేననుకుంటాను.

ఉదయపు ఎండలో ఇదే సమస్య తలకిందులుగా ఎదురవుతుంది. లోపలి గాలి 22 డిగ్రీల నుంచి 34కు చేరితే, 80 శాతంగా ఉన్న తేమ సుమారు 41కి పడిపోతుంది. హ్యుమిడిఫయర్ ఆగకుండా నడిచినా ఆ వేగాన్ని అందుకోలేదు. ఇక్కడ తగ్గించవలసింది వేడి, అందుకు సగం ఎండను ఆపే షేడ్ నెట్ ఈ పరికరం కంటే ఎక్కువ పని చేసింది. నెట్‌ను లోపల కట్టడం కంటే పైకప్పుకు వెలుపల కట్టడం మంచిది, ఎందుకంటే లోపలికి వచ్చిన ఎండ వేడిగా మారాక దాన్ని బయటకు పంపడం కష్టం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడిపితే వేడితో పాటు కష్టపడి కూడబెట్టిన తేమ కూడా పోతుంది కాబట్టి, దాన్ని చివరి ఉపాయంగా 33 డిగ్రీలు దాటాకనే, వేరే థర్మోస్టాట్ (ఉష్ణోగ్రతను బట్టి వెలిగించి ఆపే స్విచ్) ద్వారా వెలిగించుకోవలసి వచ్చింది.

అసలు హ్యుమిడిఫయర్ అంతగా ఎందుకు నడుస్తోందో కూడా చూడాలి. లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ 1829లో, మూసి ఉంచిన సీసాలోని మట్టిలో ఫెర్న్ మొలవడం గమనించి, ఆ సూత్రంతో గాజు పెట్టెలు తయారు చేయించి, 1833లో వాటిలో మొక్కలను ఓడపై సిడ్నీకి పంపాడు. ఆ పెట్టెల్లో తేమను నిలిపిన యంత్రమంటూ ఏదీ లేదు; నీరు బయటకు పోకపోవడమే అక్కడి కిటుకు. నా గ్రీన్‌హౌస్‌లో కూడా తలుపు అంచులకు రబ్బరు పట్టీ అంటించి, పలకల కీళ్లలోని సందులు పూడ్చాక హ్యుమిడిఫయర్ నడిచే సమయం స్పష్టంగా తగ్గింది.

అయితే బిగుతుగా మూసిన చోట ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. 25 డిగ్రీల వద్ద 80 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 21 డిగ్రీల చల్లని ఉపరితలాన్ని తాకితే నీరుగా మారుతుంది. రాత్రి పైకప్పు అంతకంటే చల్లబడినప్పుడు చుక్కలు కారి ఆకుల మీద, మొక్కల నడిమి మొగ్గల్లో నిలుస్తాయి. బూడిద రంగు బూజుకు అదే అనువైన చోటు. కంట్రోలర్ తెర మీద మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది, ఎందుకంటే సెన్సర్ ఉన్నది మధ్యలో, నీరు కారేది కప్పు నుంచి. అందుకే చిన్న ఫ్యాన్ ఒకటి ఈ పరికరంతో సంబంధం లేకుండా రాత్రింబవళ్లు నడవాలి.

సెన్సర్ నాణ్యత ఓ మోస్తరుగా ఉంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో తడి ముద్దలా కలిపిన ఉప్పు ఉంచి, దానికి తగలకుండా సెన్సర్‌ను లోపల పెట్టి కొన్ని గంటలు వదిలేస్తే, మామూలు గది ఉష్ణోగ్రత వద్ద ఆ గాలి 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. నాకు వచ్చిన సెన్సర్ నాలుగైదు శాతం ఎక్కువ చూపింది. తేడాను సరిచేసే అమరిక ఉన్నందున దీన్ని పెద్ద లోపంగా పరిగణించను. ఎప్పుడూ అధిక తేమలో ఉండే సెన్సర్ల రీడింగ్ కాలక్రమేణా పక్కకు జరుగుతుంది కాబట్టి ఈ పరీక్షను అప్పుడప్పుడు మళ్లీ చేయక తప్పదు. సెన్సర్‌ను ఆకుల ఎత్తులో, ఎండ తగలకుండా, పొగమంచు నేరుగా పడకుండా కట్టాలి. దాని తీగ ఇంకాస్త పొడవుగా ఉంటే ఈ పని సులువయ్యేది. నీటిని కంపనాలతో పొగమంచుగా మార్చే అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫయర్‌లో ఆర్‌ఓ నీరో వాన నీరో పోయడం ఉత్తమం. కఠిన జలం పోస్తే అందులోని లవణాలు ఆకుల మీద తెల్లని పొడిగా పేరుకుంటాయి.

భద్రత విషయంలో రెండు పరీక్షలు చేశాను. కరెంటు పోయి వచ్చాక సెట్టింగులు చెక్కుచెదరలేదు. సెన్సర్ తీగను ఊడదీస్తే రెండు సాకెట్లూ ఆగిపోయాయి. తప్పుడు రీడింగ్‌తో హీటర్ ఆగకుండా నడవడం కంటే ఇది ఎంతో నయం. రిలే అతుక్కుపోతే మాత్రం ఆ ఏర్పాటు కూడా పనిచేయదు గనుక హీటర్‌కు సొంత థర్మోస్టాట్ కూడా ఉండాలి. పెట్టెకు నీటి నుంచి రక్షణ లేదు. దాన్ని గ్రీన్‌హౌస్ వెలుపల, తడి తగలని చోట బిగించి సెన్సర్ తీగను మాత్రమే లోపలికి పంపాలి.

ఎత్తైన కొండల మీద పెరిగే నెపెంథిస్ (కూజా ఆకారపు ఆకులతో పురుగులను పట్టే మొక్క) వంటి మొక్కలకు రాత్రిళ్లు 15 డిగ్రీల ప్రాంతానికి దిగే చల్లదనం కావాలి. వెచ్చని రాత్రుల్లో ఆ చల్లదనాన్ని ఈ రెండు సాకెట్లూ తేలేవు. మొదటి సాకెట్‌ను శీతలీకరణకు మార్చుకునే వీలున్నా, కంప్రెసర్ ఉన్న యంత్రాన్ని దానికి కలపడం మంచిది కాదు. కంప్రెసర్ ఆగిన తర్వాత మళ్లీ మొదలవడానికి కొన్ని నిమిషాల విరామం అవసరం, ఆ విరామాన్ని నిర్ణయించే అమరిక ఈ నమూనాలో లేదు.