కిటికీ తీయాలా, ఏసీ వేయాలా: బెజవాడ ఫ్లాట్‌లో ఏది మేలు?

మా అమ్మకు మూసిన గదిలో నిద్ర పట్టదు. ఏసీ వేసినా స్లైడింగ్ కిటికీని రెండు వేళ్ల మేర జరిపి గానీ పడుకోదు. "మరీ బిగించేస్తే ఊపిరాడదురా" అంటుంది. నేను లేచి మూస్తాను. తెల్లారేసరికి మళ్లీ తెరిచే ఉంటుంది. పటమటలో మా మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఏటా ఎండాకాలం ఇదే గొడవ.

ఆవిడ మాటలో సగం నిజముంది. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఇద్దరు పడుకున్న గదిని రాత్రంతా మూసేస్తే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, పొద్దున్నే తల దిమ్ముగా ఉంటుంది. కానీ ఆ రెండు వేళ్ల సందు దీనికి మందు కాదు. అందులోంచి వేడితో పాటు తేమా వస్తుంది. ఉక్కపోత ఊరు కదా మనది! ఆ తేమను నీళ్లు చేసి పైపులోంచి బయటికి పంపడానికే ఏసీ బోలెడు కరెంటు తాగుతుంది.

చలిదేశాల్లో ఇదే పొరపాటు తిరగేసి జరుగుతుంది. హీటర్ నడుస్తుండగా కిటికీ ఓరగా తెరిచి గంటల తరబడి వదిలేస్తారు. గాలి మెల్లగా మారుతుంది, ఈలోగా గోడలు చల్లబడిపోతాయి. అందుకే జర్మనీలో కిటికీలు బార్లా తీసి, ఐదు పది నిమిషాల్లో మూసేయమంటారు. గాలి మారుతుంది, గోడల్లో వేడి నిలుస్తుంది.

ఇక ఏసీ లేకుండా ఫ్యాను, తెరిచిన కిటికీలు. ఖర్చులో దీనికి సాటి లేదు: 75 వాట్ల ఫ్యాను 8 గంటలు తిరిగితే 0.6 యూనిట్. పాత ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసర్ ఆగకుండా నడిస్తే అరగంటకే అంత దాటేస్తుంది. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా నేను ఏసీ రిమోట్ ముట్టను. రోహిణి కార్తెలో మాత్రం ఈ పద్ధతికి దణ్ణం పెట్టాల్సిందే. పై అంతస్తు వాళ్లకు మరీ నరకం, స్లాబు మింగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. కాలవ పక్కనుంటే దోమలు అదనం.

అందుకే మా ఇంట్లో మధ్యే మార్గం. తెల్లవారుజామున ఎదురెదురు కిటికీలు రెండూ బార్లా. ఎండెక్కకముందే మూసి కర్టెన్లు. రాత్రి ఏసీ వేసే ముందు పది నిమిషాలు మళ్లీ తెరిచి, ఆపై బిగించి, 26లో పెట్టి, పైన ఫ్యాను. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 2020 నుంచి కొత్త ఏసీలు 24 దగ్గరే ఆన్ అవుతున్నది కూడా ఇందుకే.

టైమర్ మూడున్నరకు పెట్టాను. అమ్మ నాలుగింటికి లేచి కిటికీ జరుపుతుంది. అప్పటికి ఏసీ ఆగిపోయి ఉంటుంది.